బరంపురం పాత ఇల్లా, విశాఖ ఫ్లాటా, భువనేశ్వరా?

మా చుట్టాల్లో కనీసం నాలుగిళ్లలో ఇప్పుడు ఇదే చర్చ. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటారు. పెద్దవాళ్లు ఒడిశాలో, బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో ఉంటారు. కాస్త డబ్బు కూడింది, మిగతాది బ్యాంకు ఇస్తానంటోంది. ఇల్లు ఎక్కడ కొనాలి? కరోనాకు ముందు గంజాం జిల్లా తెలుగువాళ్లని ఈ ప్రశ్న అడిగితే ఆలోచించకుండా "విశాఖ" అనేవారు. ఇప్పుడు ఎవరూ అంత గబుక్కున అనడం లేదు. ఒకరు అన్నా, పక్కనున్నవాళ్లు "మరి అమ్మానాన్నల సంగతో?" అంటున్నారు.

మా ఇల్లు పాత బరంపురంలో. అత్తవారిది పాతపట్నం, అమ్మమ్మగారి ఊరు పర్లాకిమిడి. పర్లాకిమిడి ఒడిశా, పాతపట్నం ఆంధ్ర. మధ్య దూరం సైకిలు మీద పోయేంత. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డప్పుడు గీసిన గీత మాకెప్పుడూ అడ్డం రాలేదు. కొట్టు బోర్డు మీద లిపి మారితే రాష్ట్రం మారిందనుకునేవాళ్లం, అంతే. 2020 మార్చిలో ఒక పని మీద పర్లాకిమిడి వెళ్లి, లాక్‌డౌన్‌తో మామయ్య ఇంట్లోనే చిక్కుకుపోయాను. ఆ గీత మీద వెదుళ్లు కట్టేశారు. మే నెలలో మా అత్తగారు ఆవకాయ కలిపి, చిన్న జాడీకి వాసెన కట్టి, మా బావమరిది చేత పంపించింది. అతను అటు, నేను ఇటు. జాడీని వెదుళ్ల కింద నుంచి నేల మీద జరిపాడు. కాపలా ఉన్నాయన అటు తిరిగి నిలబడ్డాడు. వాసెన గుడ్డకు అంటిన మట్టి దులిపి, జాడీకి శానిటైజర్ రాసి తుడిచి, అప్పుడు ఇంట్లోకి తెచ్చాం. ఇల్లెక్కడ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు ఆ జాడీ గుర్తొస్తుంది. కాబట్టి నా సలహా కాస్త పాత ఇంటివైపు మొగ్గుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీరు తగ్గించుకుని చదవండి.

వడ్డీ చూసి ఊరు ఎంచుకోవద్దు

2020 మే 22న రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతానికి దించింది. 2022 మే దాకా అక్కడే ఉంచింది. ఆ రెండేళ్లు హోమ్‌లోన్ ఏడు శాతం దరిదాపుల్లో దొరికింది. ఇంటి నుంచే పని, ప్రయాణాలు లేవు, పెళ్లి ఖర్చులు లేవు, చాలామందికి హైదరాబాదు అద్దె కూడా మిగిలింది. దాంతో ఫ్లాట్లు బుక్ చేసేశారు. 40 లక్షల లోను 20 ఏళ్లకు ఏడు శాతం మీద తీసుకుంటే నెలకు 31 వేల చిల్లర. 2023 ఫిబ్రవరి కల్లా రెపో 6.50 శాతానికి చేరింది. పెరిగిన ఆ రెండున్నర శాతం కలిపి, తొమ్మిదిన్నర మీద అదే లోను లెక్కేస్తే 37 వేల పైచిలుకు. చాలామందికి నెల వాయిదా పెరగలేదు, గడువు పెరిగింది. అందుకని నొప్పి వెంటనే తెలియలేదు. స్టేట్‌మెంట్ తీసి చూసుకున్నాక మా కజిన్ ఒకడికి రిటైరయ్యాక కూడా నాలుగేళ్ల వాయిదాలు కనపడ్డాయి.

2025లో రేట్లు మళ్లీ దిగాయి. మళ్లీ ఎక్కుతాయి కూడా. ఊరు ఖాయమయ్యాక, ఇవాళ్టి వడ్డీకి ఇంకో రెండున్నర శాతం కలిపి వాయిదా ఎంతవుతుందో చూసుకోండి. ఆ మొత్తం ఒక్క జీతం మీద కట్టగలిగితే ముందుకెళ్లండి. ఇద్దరి జీతాలూ కావాల్సి వస్తే ఫ్లాటు సైజు తగ్గించండి. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చారు కదా అంటారేమో. ఆరు నెలలు వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు.

పాత ఇంటి లెక్క

పాత బరంపురం వీధులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు రైలు పెట్టెలా ఉంటుంది. వెడల్పు పన్నెండు పదమూడడుగులు, పొడవు ఎంతైనా ఉండొచ్చు. రెండుపక్కలా గోడలు పొరుగువాళ్లతో ఉమ్మడి. ముందు అరుగు, తర్వాత ఒకదాని వెనక ఒకటి గదులు, వంటిల్లు, పెరడు, నుయ్యి, అన్నిటికన్నా చివర దొడ్డి. కిటికీలు ముందు గదికి, వెనక గదికి తప్ప ఉండవు. వేసవిలో చల్లగా ఉంటుందని తాతలు మురిసిపోయిన ఇళ్లివి.

2020 జూలైలో ఒడిశాలో గంజాం జిల్లా పేరే మోగిపోతున్నప్పుడు మా పెదనాన్నకు పాజిటివ్ వచ్చింది. ముందు గదిలో పడుకోబెట్టాం. కానీ దొడ్డికి వెళ్లాలంటే ఆయన నాలుగు గదులూ, వంటిల్లూ దాటుకుని వెళ్లాలి. ఆయన గొంతు సవరించుకుని "వస్తున్నానర్రా" అని కేకేసేవారు. మేమందరం పరుగెత్తి మేడ మెట్ల మీదకు ఎక్కేవాళ్లం. ఆయన వెళ్లి, వచ్చి, తలుపు వేసుకున్నాక మా అమ్మ ఆ దారంతా బ్లీచింగ్ నీళ్లతో తుడిచేది. రోజుకు ఆరేడుసార్లు. పద్నాలుగు రోజులు. పదిహేనో రోజుకు ఇంట్లో ఇంకో ముగ్గురికి వచ్చింది, అది వేరే సంగతి.

అయినా పాత ఇల్లు వదులుకోమని నేననను. ఆ పద్నాలుగు రోజులూ ఎదురింటివాళ్లు అరుగు మీద టిఫిన్ క్యారియర్ పెట్టి వెళ్లారు. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది, 1962 నుంచీ ఉంది. స్థలానికి డబ్బు పెట్టక్కర్లేదు. కావల్సిందల్లా పైన ఒక గది, దానికి అటాచ్డ్ బాత్రూము, ముందు వైపు నుంచే విడిగా మెట్లు. ఆ గది మామూలు రోజుల్లో ఇంటి నుంచి పనిచేసే పిల్లలకు ఆఫీసు అవుతుంది, అవసరం వస్తే రోగికి గది అవుతుంది. విశాఖలో ఫ్లాటుకు కట్టే డౌన్ పేమెంటులోపే ఈ పని అయిపోతుంది.

చిక్కు ఎక్కడంటే కాగితాల్లో. ఇలాంటి ఇళ్ల పట్టా ఇంకా తాతగారి పేరు మీదే ఉంటుంది. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కాని ఇంటికి బ్యాంకు లోను ఇవ్వదు, ఇచ్చినా మీకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆడపడుచుల వాటా సంగతి కూడా తేల్చుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతోనే కొడుకులతో సమాన హక్కు ఉందనీ, హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదనీ సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. అంటే లాక్‌డౌన్ కాలంలోనే. చాలా ఇళ్లలో ఈ వార్త చేరలేదు, చేరినా పెద్దవాళ్లు పేపరు మడిచి పక్కన పెట్టేశారు. ఇటుక పెట్టకముందే అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి, మాట్లాడింది కాగితం మీద పెట్టి రిజిస్టరు చేయండి. ఉమ్మడి గోడ మీద పై అంతస్తు లేపాలంటే పొరుగువాళ్ల ఒప్పుకోలు, ప్లాన్ అనుమతి కూడా కావాలి.

ఇంకో మాట, తుపాన్లు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ. ఆ రోజులు తలుచుకుంటే ఇంటి నుంచి పని అన్న మాటకు ఇన్వర్టరు, రెండు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు, పైన రేకులు కాకుండా శ్లాబు, ఇవి ఉండాల్సిందే. అయితే ఈ భయం బరంపురానికి మాత్రమే ఉన్నది కాదు. సరిగ్గా ఏడాది తిరిగి 2014లో అదే అక్టోబర్ 12న హుద్‌హుద్ వెళ్లింది విశాఖ మీదకే.

విశాఖా, భువనేశ్వరా

బరంపురం నుంచి రైల్లో భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ సుమారు 280. మావాళ్లకు మాత్రం మనసులో విశాఖే దగ్గర. భాష ఒకటి, సంబంధాలు అటే, పెద్ద జబ్బు చేస్తే విశాఖ సర్కారీ ఆసుపత్రి కె.జి.హెచ్.కో అక్కడి ప్రైవేటు ఆసుపత్రులకో పరుగెత్తడం తరాల అలవాటు. రాయగడ, కొరాపుట్ జిల్లా జైపూర్ వాళ్లకైతే భువనేశ్వర్ నిజంగానే దూరం. వాళ్లకు విశాఖ తప్ప వేరే మాట చెప్పను.

కానీ బరంపురం వాళ్లు భువనేశ్వర్‌ను లెక్కలోకే తీసుకోకపోవడం పొరపాటని నా అభిప్రాయం. 2020లో మనం చూసిందేమిటి? రాష్ట్రం దాటాలంటే పాసు, దాటి వచ్చాక క్వారంటైన్. ఒడిశాలో సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చి మరీ ఊరి బడుల్లో పద్నాలుగు రోజులు ఉంచారు. సరిహద్దులోని గిరిసోల చెక్‌గేటు ఇవతల, బరంపురంలో ఉన్నవాడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆంధ్ర ఊరు ఇచ్ఛాపురం అందలేదు, భువనేశ్వర్ మాత్రం ఏదో తంటాలు పడితే అందింది. పెద్దవాళ్లకు ఒడిశా పెన్షన్, ఒడిశా రేషన్ కార్డు, ఒడిశా ఆరోగ్య కార్డు ఉంటే వాళ్ల కాగితాలన్నీ చెల్లే రాజధాని భువనేశ్వర్. ఎయిమ్స్ అక్కడ ఉంది. విశాఖ ఆసుపత్రుల్లో ఆ కార్డు తీసుకుంటారో లేదో ఆసుపత్రివారీగా ముందే అడిగి పెట్టుకోవాలి. అత్యవసరంలో కౌంటరు దగ్గర అడిగే ప్రశ్న కాదది.

ఇక పిల్లల చదువు వైపు నుంచి చూస్తే తక్కెడ విశాఖ వైపు దిగుతుంది. ఆంధ్రలో కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు. లోకల్ అనిపించుకోవాలంటే చాలావరకు చదువు అక్కడే సాగి ఉండాలి. బరంపురంలో ప్లస్ టూ దాకా చదివించి, "మేం తెలుగువాళ్లమే కదా" అంటే కౌన్సెలింగులో వినరు. కులధ్రువపత్రానిదీ అదే కథ. ఒక రాష్ట్రం ఇచ్చినది ఇంకో రాష్ట్రం రిజర్వేషన్‌కు పనికిరాదు. అందుకని నేనైతే ఇలా చెబుతాను: పిల్లలు ఎనిమిదో తరగతి లోపు ఉండి, ఆంధ్రలోనే చదివించాలన్న పట్టుదల ఉంటే విశాఖ. పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో ఉండి, మీ బెంగ అంతా అమ్మానాన్నల గురించే అయితే భువనేశ్వర్. రెండూ కాకపోతే తొందర పడి కొనకండి, అద్దెకుండండి.

అద్దెను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ 2020 నేర్పింది అద్దె విలువే. మాదాపూర్ హాస్టళ్లు, పీజీలు ఖాళీ అయిన నెలల్లో నెల నోటీసు ఇచ్చి సామాను లారీ ఎక్కించుకుని వచ్చేసినవాళ్లు హాయిగా ఉన్నారు. అదే ఊళ్లో ఫ్లాటు కొని వాయిదా కడుతున్నవాళ్లు, దాన్ని అద్దెకు తీసుకునేవాడు దొరక్క, ఖాళీ ఫ్లాటుకు మెయింటెనెన్సు కూడా కట్టుకున్నారు. తర్వాత ఆఫీసులు తెరిచాక అద్దెలు ఎగబాకాయి, నిజమే. కానీ మీరు ఎక్కడ ఉండాలో మీ కంపెనీ ఇంకా తేల్చకపోతే అద్దె ఇల్లే మంచిది.

ఫ్లాటు ఏ ఊళ్లో చూసినా, 2020లో ఆ అపార్ట్‌మెంటు వాళ్లు ఎలా నడుచుకున్నారో వాచ్‌మన్‌ను అడగండి. సేల్స్ కుర్రాడు చెప్పడు, వాచ్‌మన్ చెబుతాడు. విశాఖలో మా బంధువు ఒకావిడకు పాజిటివ్ వస్తే, ఆ అపార్ట్‌మెంటులో లిఫ్ట్ ఎక్కవద్దన్నారు. ఐదో అంతస్తు. స్కానింగుకు మెట్లు దిగి వెళ్లి, మెట్లెక్కి వచ్చింది. ఇంకోచోట అదే సమయంలో అసోసియేషన్ వాళ్లు క్లబ్‌హౌస్‌లో మంచాలు వేసి, ఆక్సిమీటర్లు కొని పెట్టారు. బ్రోచర్‌లో రెండూ "గేటెడ్ కమ్యూనిటీ"లే.

రెరా (ఇళ్ల ప్రాజెక్టులను రిజిస్టరు చేసి అదుపు చేసే సంస్థ) నంబరు తప్పక చూడాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఒడిశాది ఒడిశా రెరాలో, ఆంధ్రది ఆంధ్ర రెరాలో వెతకాలి. ఒడిశాలో కొంటే ఆడవాళ్ల పేరు మీద రిజిస్టరు చేయించండి, స్టాంపు డ్యూటీ 5 శాతానికి బదులు 4 శాతమే.

బోర్డరు దగ్గర ప్లాటు

ఇది నాలుగో దారి. హైవే పక్కన ఇచ్ఛాపురం అటూ ఇటూ రాళ్లు పాతి రంగులేసిన లేఅవుట్లు చూస్తూనే ఉన్నారు. "రెండు రాష్ట్రాలకూ దగ్గర" అంటారు. 2020లో ఆంధ్రవైపు పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ మాట వింటే నవ్వొస్తుంది. నాకు ఈ దారి నచ్చదు. అయినా కొంటానంటే కొలతల దగ్గర జాగ్రత్త పడండి.

ఒడిశా పట్టాలో డెసిమిల్ అని ఉంటుంది. అది మన సెంటే, 48.4 గజాలు. మోసపోయేది గుంఠ దగ్గర. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు, అంటే గుంఠకు నాలుగు సెంట్లు, 193.6 గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలే. హైదరాబాదులో ఉండే అబ్బాయి ఫోనులో గుంట రేటు విని "అబ్బో ఎక్కువ" అంటాడు, బరంపురం బ్రోకరు గుంఠ రేటు చెప్పి "చవకే" అంటాడు. ఇద్దరూ వేర్వేరు స్థలాల గురించి మాట్లాడుకుంటున్నారు. బేరం గజాల్లోకి మార్చుకుని ఆడండి.

పట్టాలో "కిసం" అన్న గడి ఒకటుంటుంది. అక్కడ ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకునే భూమి. పంట భూమి రకం ఏదైనా రాసి ఉంటే, తహసీల్ ఆఫీసులో కన్వర్షన్ కానిదే ఇల్లు లేదు. భూలేఖ్ సైటులో పట్టా వివరాలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు, అమ్మేవాడు ఇచ్చిన జిరాక్సుతో పోల్చండి.

రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తం, గజపతిలో గుమ్మా, ఆర్.ఉదయగిరి లాంటి ప్రాంతాలు షెడ్యూల్డ్ ఏరియా. గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడం అక్కడ 1956 నిబంధనల ప్రకారం కుదరదు. ఆంధ్రవైపు ఏజెన్సీలో ఇలాంటిదే వన్ ఆఫ్ సెవెంటీ (1/70) భూబదలాయింపు చట్టం ఇంకా కఠినం. "బినామీ పేరున చేయిద్దాం, అందరూ చేస్తున్నదే" అని ఎవరైనా అంటే టీ తాగేసి లేచి వచ్చేయండి. ఆ భూమి వాళ్లది.

వెళ్లిరావడం

ఏ ఊళ్లో కొన్నా, ఏడాదికి ఎన్నిసార్లు ఎవరు ఎటు ప్రయాణం చేస్తారో రాసుకోండి. పెద్దవాళ్లు ప్రయాణించేట్టయితే ఖర్చు కరోనాకు ముందు లెక్క కాదు. రైలు టికెట్లో సీనియర్ సిటిజన్లకు మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో ఆపారు, మళ్లీ ఇవ్వలేదు. మా నాన్న ఇప్పటికీ టికెట్ తీసుకున్న ప్రతిసారీ పాత రేటు చెప్పి లెక్కపెడతారు.

రైళ్ల పరంగా బరంపురం అదృష్టవంతురాలు. హైదరాబాదుకు విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్, ఫలక్‌నుమా ఉన్నాయి. బెంగళూరుకు ప్రశాంతి ఉంది. 2024 మార్చి నుంచి భువనేశ్వర్ – విశాఖ వందే భారత్ ఇక్కడ ఆగుతోంది, కాబట్టి రెండు ఊళ్లూ ఒక పూటలో అందుతాయి. 2020 మేలో సూరత్ మరమగ్గాల దగ్గర నుంచి మన గంజాం కూలీలు శ్రామిక్ రైళ్లలో దిగిన జిల్లా ఇది. 2025 సెప్టెంబరులో బరంపురం నుంచి సూరత్ పక్కన ఉధ్నాకు అమృత్ భారత్ రైలు వేశారు. అంటే వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లారన్నమాటే. ఇంటి నుంచి పని అన్నది కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లకు వచ్చిన వరం. మగ్గం ముందు కూర్చునేవాడికి రాలేదు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది, ఇదివరకటి 120 కాదు. దసరా, సంక్రాంతి టికెట్లకు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. కారు విషయంలో రెండు మాటలే. లాక్‌డౌన్ భయంతో సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవాళ్లలో సగం మందివి అరుగు ముందు దుమ్ము పట్టి ఉన్నాయి. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే ఉంచుకోండి, లేకపోతే తెలిసిన టాక్సీ డ్రైవరు నంబరు చాలు.

మా ఇంటి సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. తమ్ముడు భువనేశ్వర్ అంటున్నాడు, వాడి భార్య విశాఖ అంటోంది, ఇద్దరూ బెంగళూరులో అద్దెకుంటున్నారు. ఈలోపు నేనూ పెదనాన్న కొడుకూ కలిసి పట్టా మార్పించి, మేనత్తల సంతకాలు పెట్టించి, మేడ మీద గది మొదలుపెట్టాం. మేస్త్రి కొలతలు తీసి, ముందు వైపు మెట్లు వేస్తే అరుగులో మూడడుగులు పోతుందన్నాడు. నాన్న సాయంత్రాలు కూర్చునేది సరిగ్గా ఆ మూడడుగుల్లోనే. మలుపు మెట్లయితే అడుగున్నర చాలన్నాడు మేస్త్రి. "మలుపులో స్ట్రెచర్ తిరగదురా" అని పెదనాన్నే లోపల్నుంచి అన్నారు. నాన్న ఏమీ అనకుండా కుర్చీ తీసి రెండో వైపు వేసుకున్నారు.